కాలికింద కదిలిన నాలుక చేప

మా ప్రొద్దుటూరులో నాలుక చేపను కాలితో తొక్కి పట్టిన మొగోణ్ణి నేనొక్కణ్ణే. మొలలోతు సముద్రంలో నిలబడి, అరికాలి కింద బురద కదిలితే వంగి చేత్తో ఎత్తినాను. ఈ కథ చెప్పి మా వీధి అంగట్లో శానా టీలు తాగినాను.

నిజం రాస్తాను. నీళ్ళు మొలలోతు లేవు. చేపను ఎత్తనూ లేదు. నా కాలికింద ఏదో జారిపోయింది, అంతే.

నేను లారీ డ్రైవరును. జమ్మలమడుగులో నాపరాళ్ళు నింపుకొని నెల్లూరు పక్క సముద్రపు ఊళ్ళకు బతుకంతా తోలినాను. "నన్నూ ఒకసారి తీసకపో మామా" అని నా భార్య అడిగినప్పుడల్లా, "ఆడ ఏముంది, ఉప్పునీళ్ళు" అనేవాణ్ణి. లారీలో చోటు లేక కాదు. క్లీనరు ముందర పెండ్లాన్ని ఎక్కించుకోవడం నామోషీ.

పోయిన చలికాలం బస్సులో తీసుకుపోయినాను. అప్పటికే షుగరు ఆమె కండ్లను తినేసింది. పులివెందులలో చూపిస్తే, ఇంక చూపు రాదన్నారు. వెలుతురు, చీకటి మాత్రం తెలుస్తాయి.

ఒడ్డున ఒకామె గంపలో నాలుక చేపలు పెట్టుకొని కూర్చుంది. నాపరాయి పెచ్చులాగా పల్చగా ఉన్నాయి. పైన మట్టిరంగు, కింద తెలుపు, రెండు కండ్లూ ఒకే పక్క. నాకు మండింది.

"ఏందమ్మా, నిలువునా చీల్చి సగం చేపే అమ్ముతాండావు. రెండో సగం యాడ?"

"అది పెరిగేదే అట్టయ్యా. బురదలో ఒక పక్కకి పడుకోనుంటది. కింద కన్నుంటే ఏం చూస్తది, బురదనా?"

నా భార్య గంపలో చెయ్యి పెట్టి, ఒక చేపను తడిమి, ఆ రెండు కండ్ల మీద వేలు ఆనించి శానాసేపు ఉండిపోయింది. "దీనికి రెండూ ఉండాయి" అనింది. ఆమెను నడిపించుకొని నీళ్ళ దగ్గరికి పోయినాను.

ఇంతవరకూ రాసి ఆమెకు చదివి వినిపించినాను. చాటలో బియ్యం తడుముతా వినింది.

"కదిలింది నా కాలికింద మామా. నువ్వు నా చెప్పులు పట్టుకోని ఇసుకలో కూచ్చోనుంటివి, నీ పాదమే తడవల్యా. ఏందో మెత్తగా పోయింది, చూసి చెప్పు అంటే, ఏమీ లేదులే రా, బస్సుకు పొద్దుపోతాంది అంటివి. అంత సముద్రంలో నాకు తెలిసింది అదొక్కటే. అది గూడా నీదని రాసుకుంటాండావు."