అనుకుంటే ఆగుతుందని

మా నాన్న బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఏడాది నాకు ఒక నమ్మకం పట్టుకుంది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. కాన్పు గురించి నేను పడని భయం లేదు. అది సుఖంగానే అయింది. నాన్న గురించి మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. అనుకోని వైపు నుంచే ఆపద వస్తుందని, ముందే అనుకుంటే ఆగిపోతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

మా ఆయన మండపేటలో ఒక రైస్‌మిల్లులో మిషన్లు చూసుకుంటారు. పొద్దున్నే ఆయన బండి స్టార్ట్ చేయగానే నా పని మొదలయ్యేది. కాలువగట్టు మలుపు, ధాన్యం లారీలు, మిల్లులో బెల్టు, బాయిలరు... అన్నీ వరసగా తలుచుకోవాలి. మధ్యలో మా పాప పిలిచి వరస తప్పితే మళ్లీ మొదటినుంచి. ఇడ్లీ గిన్నెలో నీళ్లు ఇగిరిపోయి మాడిన రోజులున్నాయి. ఇంతలా ఆలోచిస్తే బుర్ర చెడిపోతుందన్న భయం తర్వాత వచ్చి చేరింది. మానేస్తే ఆయనకు ముప్పు, మానకపోతే నాకు పిచ్చి.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మొన్న మార్చిలో పరీక్షల డ్యూటీ పడి, ఆయనకంటే ముందే ఇంట్లోంచి బయలుదేరాను. ఫోన్లు ఆఫీసులో పెట్టించారు. పేపర్లు కట్టలు కట్టి ఇచ్చాక గుర్తొచ్చింది, ఆ రోజు నేనేమీ అనుకోలేదని. ఆఫీసుకి పరుగెత్తి ఫోన్ తీసుకున్నాను. ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆయన ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి బస్సెక్కాను. ఎదురొచ్చిన ప్రతి లారీ ముందుచక్రాలనీ చూస్తూనే కూర్చున్నాను.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడగలేక లోపలికి తొంగిచూశాను. అతనే గుర్తుపట్టి, సారు భోజనం చేస్తున్నారని చెప్పాడు. షెడ్డులో పనివాళ్లతో కలిసి కూర్చుని, నేను కట్టిన క్యారేజీలో బీరకాయ కూర పంచుతున్నారు. నన్ను చూడగానే, పాపకేమైనా అయిందా అంటూ లేచి నిలబడ్డారు. పాలిపోయిన ఆ ముఖం చూశాక నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇవాళ మీ గురించి అనుకోలేదండి," అన్నాను.

ఆయనకేం అర్థం కాలేదు. షెడ్డు వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టాక, ఏడేళ్లుగా చేస్తున్నదంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మరి కిందటి వానల్లో బండి మీంచి పడ్డాను కదా, ఆ రోజు అనుకోలేదా?"

అనుకున్నాను, మూడుసార్లు. అందుకే మణికట్టు దెబ్బతో పోయిందని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను కూడా. ఆ మాట ఆయనతో పైకి అంటుంటే నాకే వింతగా వినిపించింది.

"అనుకున్న రోజు పడ్డాను. అనుకోని రోజు ఇదిగో, అన్నం తింటున్నాను. ఇంక ఇందులో నీ చెయ్యేముంది చెప్పు," అన్నారు మెల్లగా.

మర్నాడు బండి స్టార్ట్ అయిన చప్పుడు వినగానే కావాలని వంటింట్లోకి వెళ్లి చట్నీకి పల్లీలు వేయించడం మొదలుపెట్టాను. లారీ తలలోకి వచ్చింది. రానిచ్చాను గానీ దాని వెంట మలుపు దాకా పోలేదు. గుండె మాత్రం స్కూలు గంట కొట్టేదాకా కొట్టుకుంటూనే ఉంది.

ఇప్పటికీ వారానికి రెండు రోజులు పాత వరస ఎత్తుకుంటాను. ఎక్కడో ఒకచోట ఆపేస్తాను. అలా ఆపిన రోజు, సాయంత్రం ఆయన లోపలికొచ్చి చెప్పులు విడిచేదాకా కుదురుగా కూర్చోలేను.