నెలవారీ ఇలియసా

మా మేనమామ ఇలియసాకు రావలసిన మేస్త్రీ పని ఆయన బావ నెమానీకి ఇచ్చారు. కలప మిల్లులో నెమానీ కంటే మామ ఎంతో పాతవాడు, పని తెలిసినవాడు. కానీ నెమానీ పాట పాడతాడు, మా దీవిలో తాగే యంగోనా అనే వేరు పానీయం గిన్నె చుట్టూ కూర్చుంటే యజమానిని కూడా నవ్విస్తాడు. మామకు నవ్వించడం రాదు. ఆనాటి నుంచి నెమానీ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో కూడా మామకు కావలసి వచ్చింది.

ఇద్దరూ ఒకే ఏడు రిటైరయ్యారు. ఫండ్ ఆఫీసులో దాచిన సొమ్ము మొత్తం ఒకేసారి తీసుకోవచ్చు, లేదా బతికున్నన్నాళ్లూ నెలకింత తీసుకోవచ్చు. ఒకసారి చెప్పాక మాట మార్చుకోవడం లేదు. నెమానీ మొత్తం తీసుకుని ఇంజను పడవ కొన్నాడు. మామ నెలనెలా చాలన్నాడు.

"మూట ఇంటికొస్తే చుట్టాలూ వస్తారు," అన్నాడు మా అత్త లవేనియాతో. "నెలకింత అంటే ఎవడేం అడుగుతాడు?"

అందులో నిజం లేకపోలేదు. అయినవాడు వచ్చి చాప మీద కూర్చుని 'కెరెకెరె' అంటే, అంటే ఇమ్మని అడిగితే, లేదనే నోరు మా వాళ్లకు లేదు.

పడవ నీళ్లలోకి దిగిన సాయంత్రం గిన్నె చుట్టూ ఊరంతా చేరింది.

"ఏం బావా, నెలవారీ," అన్నాడు నెమానీ. "ఈ నెలది పడిందా, ఇంకా మా చెల్లెలి కొంగు పట్టుకునే తిరుగుతున్నావా?"

"నీ పడవకి పెట్రోలు మాత్రం నన్నడక్కు."

"ఎందుకడగను? అడక్కపోతే నువ్వు నాకు బావవెట్లా అవుతావు?"

అందరూ నవ్వారు. మామ కొబ్బరి చిప్ప ఎత్తి తాగి, తాగాక మర్యాదకు కొట్టవలసిన చప్పట్లు కొట్టకుండానే కింద పెట్టాడు. ఆ పేరు మాత్రం ఆయనకు అతుక్కుపోయింది.

నెమానీ సొమ్ము చర్చి పైకప్పుకు, ఎవరెవరి పెళ్లిళ్లకో చావులకో, ఫీజులకో పోయింది. పడవను ఒకరి తర్వాత ఒకరు అడిగి తీసుకెళ్లారు. చివరికెవడో పగడపు దిబ్బకు కొట్టి ఇంజను సముద్రం పాలు చేశాడు. ఆ కబురు విన్న పూట మామ కర్రపెండలం రెండోసారి పెట్టించుకున్నాడని అత్త చెప్పింది.

ఇక జనం తన అరుగెక్కుతారనుకున్నాడు. వాళ్లు అరుగు ముందు నుంచే నడిచి నెమానీ ఇంటికి వెళ్లారు. ఒకడి చేతిలో చేమదుంపలు, ఒకడి చేతిలో ఆక్టోపస్. గిన్నెలో మొదటి చిప్ప ఇప్పటికీ నెమానీకే. మామ దగ్గరికి వెళదామని ఎవరైనా అంటే, "ఆయనది నెలవారీ కదా, ఎందుకు పాపం," అనేవారు. ఆయన కట్టుకున్న గోడను ఊరు మర్యాదగా కాపాడింది.

మాలో మేనల్లుడు మామ పందిని అడక్కుండానే విప్పుకుపోవచ్చు. నేను ఆ పెరట్లో అడుగు పెట్టలేదు. నాకు మూటా లేదు, నెలవారీ లేదు. వల కావలసి వస్తే నెమానీ బాబాయి దగ్గరికే వెళ్లాను. దండెం మీది తన వల తీసి ఇచ్చాడు.

దాన్ని భుజాన వేసుకుని వస్తుంటే బస్సు స్టాపు దగ్గర మామ కనిపించాడు.

"ఎవరిదిరా వల?"

"నెమానీ బాబాయిది మామా. అడిగితే ఇచ్చాడు."

"వాడికున్నదీ అదొక్కటే కదరా."

"అవును."

వల అంచున సీసపు గుండ్లను వేళ్లతో తడిమి చూశాడు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు.

"నీకు నా పంది మీద హక్కుంది. ఒక్కనాడైనా వచ్చావా?"

"నీది నెలవారీ కదా మామా."

బస్సు వెళ్లిపోయింది. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు:

"రేపు రా. వాణ్ణి అడిగినట్టే నన్నూ అడుగు. ఇవ్వనంటానేమో, అయినా అడుగు."