నలభై వాకీటాకీలు, మా అవ్వ గంధం

ఆ రోజుల్లో (మరీ పాతవేం కాదు, పన్నెండేళ్ళ కిందటి మాట) లోకంలో నాకు తెలియని విషయం లేదని నా గట్టి నమ్మకం. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చింది. యలహంక పాత ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల వాకీటాకీలు బాగుచేసే చిన్న షాపులో ఉద్యోగమూ దొరికింది. అపార్ట్‌మెంట్ల కాపలావాళ్ళు, కల్యాణమంటపాలవాళ్ళు చేతిలో పట్టుకుని తిరుగుతారే, ఆ సెట్లు. ఆరు నెలలు పని చూసి పర్మనెంట్ చేస్తానని యజమాని మాటిచ్చాడు, ఆ ఆరు నెలలు సరిగ్గా దసరాకు నిండుతాయి. పర్మనెంట్ కాకపోతే ఆనేకల్‌లో మా చిన్నాన్న చీరల అంగట్లో కూర్చుని, చూసి వద్దన్నవాళ్ళ చీరలన్నీ మళ్ళీ మడతపెట్టాలని ఇంట్లో ముందే తీర్మానం అయిపోయింది. మడతలంటే నాకు ప్రాణసంకటం. నా పక్కబట్టలే నేను మడిచిన పాపాన పోలేదు.

మా యజమానికి నేను పెట్టుకున్న పేరు పొడిబట్ట సార్. (మనసులో పెట్టుకున్న పేరే. అది ఎలా బయటికొచ్చిందో చెప్పడానికే ఇదంతా.) ఆయన తన పాత బనియన్లను ఉతికి, ఆరబెట్టి, జానెడు చదరపు ముక్కలుగా కత్తిరించి ఒక స్టీలు డబ్బాలో దొంతరగా పేర్చేవాడు. ఏ సెట్టు వచ్చినా ముందు ఆ ముక్కతో తుడవాలి. యాంటెన్నా పట్టుకుని సెట్టు ఎత్తకూడదు, యాంటెన్నా లేకుండా బటన్ నొక్కకూడదు, ఆఫ్ చేయకుండా ఛార్జింగులో పెట్టకూడదు, తీసిన బ్యాటరీని తాళంచెవులున్న జేబులో వేసుకోకూడదు. ఇవన్నీ రోజూ పొద్దున షట్టర్ ఎత్తుతూ సుప్రభాతంలా వినిపించేవాడు. మరకలు మొండివైతే దూది కొసకు ఒక చుక్క స్పిరిట్, అంతే. నీళ్ళ మాట ఎత్తితే మాత్రం ఆయన ముఖం మారిపోయేది.

"నీళ్ళు దీనికి శత్రువు మ్మా. పొడిబట్ట, ఓపిక, ఈ రెండే మన పని," అనేవాడు. "ఆ పక్కన ఉండే పెద్ద బటన్ ఉండాదే, దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల. ఒక సెట్టులో అది నొక్కుకోని ఇరుక్కుంటే, తక్కిన సెట్లవాళ్ళంతా నోరు మూసుకోవాల్సిందే. ఎర్ర దీపం వెలుగుతా ఉంటే నువ్వు మాట్లాడేది ఊరంతా వింటా ఉండాదని అర్థం. గొత్తాయితా, తెలిసిందా?"

"గొత్తాయితు సార్," అనేదాన్ని నేను, చెవి ఆయనకు, కన్ను గోడ గడియారానికి అప్పగించి.

ఆ దసరాకు హూడిలో ఒక పెద్ద అపార్ట్‌మెంటు నుంచి నలభై సెట్లు సర్వీసుకు వచ్చాయి. ఆయుధపూజ రోజు అక్కడ బొమ్మల కొలువు, భోజనాలు, వందలమంది చుట్టాలు. పొద్దున పదింటికల్లా సెట్లు అక్కడుండాలి. మొత్తం పని నాకే అప్పగించి, "ఈ నలభైతో నీ సంగతి తేల్తుంది," అన్నాడు సార్. నేను వారం రోజులు కూర్చుని ఒక్కో సెట్టు విప్పి, బ్యాటరీ మొనలు తుడిచి, వదులైన నాబులు బిగించి, స్పీకరు చిల్లుల్లో ఇరుక్కున్న దుమ్ము బ్రష్షుతో లాగి, అన్నీ అద్దాల్లా చేశాను. పనిలో వంక పెట్టడానికి లేదు. అక్కడితో ఆగి ఉంటే నాకూ, ఈ కథకూ ఏ గొడవా ఉండేది కాదు.

ఆయుధపూజ పొద్దున సార్ ముందే హూడి వెళ్ళాడు, నన్ను ఆటోలో సెట్లు తీసుకురమ్మని. షాపులో పూజ కూడా తానే ముందురోజు ముగించేశాడు. పూజంటే సెట్ల డబ్బా మూత మీద ఒక చామంతి పువ్వు, రెండు అగరొత్తులు. అదే మా అవ్వకు నచ్చలేదు. మనవరాలి తొలి ఉద్యోగం, తొలి ఆయుధపూజ. గంధం గిన్నె, కుంకుమ, బొరుగుల సంచి పట్టుకుని, బొమ్మల కొలువు తానూ చూడాలని నాతో బయలుదేరింది.

"ఇదేం పూజమ్మే, పెట్టెకు పువ్వు పెడితే లోపలుండే వాటికి ఏం తెలుస్తుంది? నీకు అన్నం పెట్టేవి ఇవి. బొట్టు లేకుండా బోసిగా పంపిస్తావా?" అంది.

ఇక్కడ నా డిప్లొమా పనిచేసింది. స్పీకరు మీద గంధం పెడితే చిల్లులు మూసుకుపోతాయి, మైకు మీద పెడితే గొంతు వినపడదు, బ్యాటరీ మొనల మీద పెడితే ఛార్జింగు ఎక్కదు. ఇవన్నీ శాస్త్రప్రకారం ఆలోచించి, పాడయ్యే చోట్లన్నీ తప్పించి, నున్నగా, ఖాళీగా, పవిత్రంగా ఉన్న ఒకే ఒక్క చోటు అవ్వకు చూపించాను. పక్కనున్న పెద్ద బటన్. రోజంతా కష్టపడేది అదే కదా, పూజ దానికే న్యాయమని కూడా అన్నాను. అవ్వ నా తెలివికి మురిసిపోయి నలభై బటన్లకు నలభై గంధం బొట్లు, వాటి మీద కుంకుమ దిద్దింది. మా అవ్వ గంధం మామూలు గంధం కాదు. పొద్దుగూకేదాకా రాలిపోకూడదని దాంట్లో కొంచెం బెల్లం పాకం కలుపుతుంది. లారీలున్న మా మేనమామ దసరాకు పెట్టించుకున్న బొట్టు సంక్రాంతి దాటినా బంపరు మీద అలాగే ఉండేది.

హూడి చేరేసరికి గేటు దగ్గర బూడిదగుమ్మడి ముక్కలు, కార్ల చక్రాల కింద నిమ్మకాయలు, ఎక్కడ చూసినా పూలు. బొమ్మల మేడమ్ (అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షురాలు, కొలువంతా ఆమె చేతి మీదుగానే) మమ్మల్ని ఆదరంగా పిలిచి తన తొమ్మిది మెట్ల కొలువు చూపించింది. తర్వాత నేను కాపలావాళ్ళను వరుసగా నిలబెట్టి, సెట్లు పంచి, సార్ సుప్రభాతమంతా నా సొంత జ్ఞానంలా ఒప్పజెప్పాను. ఒకటో నెంబరు సెట్టు ఎత్తి, "ఇదిగో, ఇలా నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగినంతసేపు నోరు జాగ్రత్త," అని నొక్కి చూపించి, వదిలి, నడుముకు తగిలించుకున్నాను. వేలు వదిలాను గాని, బటన్ బెల్లాన్ని వదల్లేదు. ఎర్ర దీపం నా నడుము దగ్గర, నా చున్నీ కింద, నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

సిగ్నల్ పరీక్షకని పదునాలుగో అంతస్తు పైన మిద్దెకెక్కాను. ఊరు చూస్తానని అవ్వ కూడా వచ్చింది. ఎత్తైన చోటు నుంచి మాట బాగా దూరం పోతుందని పుస్తకాల్లో చదివాను. ఆ రోజు అది ఎంత నిజమో నిరూపించాను. వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని ఇద్దరం బొరుగుల సంచి విప్పాం. ఈ రోజుల్లో వచ్చే సెట్లు ఎవరైనా మరీ ఎక్కువ సేపు మాట్లాడితే వాటంతటవే ఆపేస్తాయి. ఆ పాత సెట్లకు అంత సంస్కారం లేదు. పైగా తాము మాట్లాడుతున్నంతసేపు ఎదుటివాళ్ళ మాట వినవు (ఈ గుణం తర్వాత చాలామంది మనుషుల్లోనూ చూశాను). కాబట్టి కింద ఎవరెంత గింజుకున్నా నాకు వినపడదు.

ముందు అవ్వ మొదలుపెట్టింది. "కొలువు బాగుండాది గాని, పట్టపు బొమ్మల్ని తారుమారుగా నిలబెట్టినారు. రాణెమ్మ రాజుకు ఎడమపక్కన ఉండాల. ఈడ కుడిపక్క నిలబెట్టి చామరం విసిరేదాని మాదిరి చేసినారు. అంత చదువుకున్నామె, అడగొద్దా?"

అవ్వ మొదలుపెట్టిన తాడు నేనూ అందుకున్నాను. కాపలావాళ్ళ సూపర్‌వైజరు మీసానికి నల్లరంగు వేసి గడ్డాన్ని మరిచిపోయాడన్నాను. ఆ తర్వాత మా సార్ దగ్గరికొచ్చాను. పొడిబట్ట సార్ అనే పేరు ఆ విధంగా మొదటిసారి ఆకాశవీధికెక్కింది. ఆయన బనియన్ల కథంతా చెప్పి, "బట్ట అయిపోతే ఒంటి మీద బనియను కూడా కత్తిరించేస్తాడు అవ్వా, అందుకే ఎప్పుడూ చొక్కా పైబొత్తాం దాకా పెట్టుకుంటాడు," అని, ఆయన గొంతుతో "పొడిబట్ట, ఓపిక" అని మూడుసార్లు అభినయించి చూపించాను. అవ్వ నవ్వి నవ్వి పొలమారింది. ఆ దగ్గు కూడా తక్కిన ముప్పై తొమ్మిది సెట్లలో వినిపించిందట.

దగ్గు తగ్గాక అవ్వ అడిగింది. "ఇంత ఎగతాళి చేస్తావే, రేపు పర్మనెంట్ చేయకపోతే ఆనేకల్‌కు పోతావా మరి?"

అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. "పోలేను అవ్వా. నాకు ఈ పని పోతే ఏడుపొస్తుంది. చచ్చిన సెట్టు నా చేతిలో మళ్ళీ మాట్లాడితే ఎట్లుంటాదో నీకు చెప్పలేను. ఆయన చాదస్తుడే గాని, ఇంకెవరూ ఒక ఆడపిల్లను నమ్మి నలభై సెట్లు ఇయ్యరు. ఆయనకు చెప్పకుండా నీతో బొట్లు పెట్టించినానని తెలిస్తే ఈరోజే పంపించేస్తాడు," అన్నాను. నా గొంతు జీరబోయింది. అది కూడా స్పష్టంగానే పోయిందని తర్వాత చెప్పారు. సర్వీసు బాగా చేశాను కదా.

ఇంతలో మెట్ల తలుపు తోసుకుని గేటు మామ వచ్చాడు. కదిరి వైపు నుంచి వచ్చి పదేళ్ళుగా ఆ గేటు కాస్తున్న పెద్దాయన. లిఫ్టుల నిండా చుట్టాలేనట, పాపం, మెట్లెక్కి వచ్చాడు. ఒగరుస్తూ, నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో నా నడుము వైపు చూపించాడు. చున్నీ తీసి చూశాను. ఎర్ర దీపం.

సెట్టు ఆఫ్ చేశాక గేటు మామ నోరు విప్పాడు. "ఏం కాలేదులే మ్మా. బేస్‌మెంటు నిండిపోయినాదని చెప్పనీకి దారి లేక గేటు దగ్గర కార్లు మైలు దూరం నిలబడినాయి. విజిల్ ఊది, చేతులాడించి పంపించినాము. అందరూ విన్నారు. మీ సారు నా పక్కనే నిలబడి విన్నాడు." చివరి మాట మాత్రం ఆయన చాలా మెల్లగా అన్నాడు.

పదునాలుగు అంతస్తులు దిగేటప్పుడు నాకు మనసులో చీరల మడతలు తప్ప ఇంకేం కనపడలేదు. కింద కొలువు ముందు నుంచి పోతుంటే రాణెమ్మ రాజుకు ఎడమపక్కకు మారి ఉంది. బొమ్మల మేడమ్ పక్కనే నిలబడి పైకప్పు వైపు చూస్తోంది. సూపర్‌వైజరు గడ్డానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సార్ గేటు గదిలో బల్ల ముందు కూర్చున్నాడు. చొక్కా పైబొత్తాం విప్పి ఉంది. లోపల బనియను నిక్షేపంగా ఉంది. అది నేను చూసేదాకా ఆగి, మళ్ళీ బొత్తాం పెట్టుకున్నాడు.

"అన్నీ వెనక్కి తెప్పించినాను. కూర్చో," అన్నాడు. నేను స్పిరిట్, దూది తీసి తుడవడం మొదలుపెట్టాను. గంధం కొంచెం లేచింది గాని జిగురు కదల్లేదు. పొడిబట్ట అంటుకుని పీచులు వదిలింది. ఓపిక కూడా ప్రయత్నించాం. పావుగంట చూసి మా అవ్వ బల్ల దగ్గరికొచ్చింది.

"బెల్లానికి నీళ్ళు కావాల నాయనా. వేన్నీళ్ళు. నువ్వు సారాయి పోస్తే అది కరుగుతాదా?"

గదిలో అందరూ సార్ ముఖం చూశారు. ఆయన నలభై సెట్లను, తర్వాత మా అవ్వను చూశాడు. చివరికి, "సెట్లు ఆఫ్ చేసి, బ్యాటరీలు తీసి దూరం పెట్టండి. బట్ట బాగా పిండాల. చుక్క కారకూడదు. వెంటనే పొడిబట్ట," అన్నాడు, కొంపలో ఎవరో పోయినట్టున్న గొంతుతో. అవ్వ వేన్నీళ్ళలో ముంచి పిండి ఇచ్చింది, నేను తుడిచాను, సార్ ఆరబెట్టి బటన్ను పదిసార్లు నొక్కి వదిలి చూశాడు. పన్నెండున్నరకు నలభైకి నలభై పలికాయి.

మరుసటివారం బల్ల మీద నా పర్మనెంట్ కాగితం ఉంది, దాని మీద బరువుకు కొత్త బనియన్ ముక్కల దొంతర. నేను థాంక్స్ చెప్పబోతే ఆపాడు. "కార్లు సర్దుకోగానే గేటు మామ మిద్దె మీదికి పరిగెత్తబోయినాడు. నేనే కాసేపు ఆపినాను. నా గురించి మొదలుపెట్టినావు కదా, ఎంతదూరం పోతావో విందామని. ఆ ఎగతాళి దగ్గరే నిన్ను ఆపించేసి ఉంటే తర్వాతి మంచిమాట నాకు వినపడేది కాదు, నువ్వు ఇప్పుడు ఆనేకల్‌లో ఉండేదానివి," అన్నాడు.

ఇప్పుడు షాపు నేనే చూసుకుంటున్నాను. సార్ వారానికోసారి వచ్చి డబ్బాలో బట్టలు లెక్కపెట్టి పోతాడు. ఎనభై దాటిన మా అవ్వ, హూడిలో నలభై సెట్లు బాగుచేసింది తానేనని వీధంతా చెప్పుకుంటుంది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఆయుధపూజకు బొట్టు సెట్ల డబ్బా మూతకే, సెట్లకు కాదు. పొద్దున షట్టర్ ఎత్తుతూ నేనూ సుప్రభాతం వినిపిస్తాను (జిగురుకు మాత్రం బాగా పిండిన తడిబట్ట అని ఒక్క ముక్క కలిపి), నా కింద పనిచేసే ఇద్దరమ్మాయిలు గడియారం చూస్తూ వింటారు.

మొన్న దసరాకు ముందు ఒక మధ్యాహ్నం నా బల్ల మీది సెట్టు దానంతటదే మాట్లాడింది. వెనక గదిలో ఏదో బటన్ ఇరుక్కున్నట్టుంది. నాకు "తడిబట్ట మేడమ్" అని పేరుందని, నా నడక అలా ఉంటుందని, నా సుప్రభాతం ఇలా ఉంటుందని ఇద్దరూ అభినయించుకుంటూ పొలమారేలా నవ్వుతున్నారు. లేచి వెళ్ళి చెప్పడం నా ధర్మం. కుర్చీ వెనక్కి జరిపాను కూడా. మళ్ళీ కూర్చుని, సౌండు కొంచెం పెంచి, మంచిమాట ఎప్పుడొస్తుందా అని చెవి దగ్గర పెట్టుకున్నాను. అరగంట విన్నాను. రాలేదు. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకున్నాను.