ఆర్డిస్ హల్వర్సన్‌కి మూడో వీడ్కోలు

"మంచు తుఫానులో పాపకి ఊపిరి అందకపోతే? దారి మూసుకుపోతే? అప్పుడెలా?"

మనసులో అనుకున్నాననుకున్నాను గానీ పైకే అనేశాను. ఎదురుగా కూర్చుని మా టిల్లీ మేజోళ్ళు మడతపెడుతున్న ఆర్డిస్ తలెత్తకుండానే, "మూసుకుపోతుంది. ఏటా మూసుకుపోతూనే ఉంది," అంది.

ధైర్యం చెప్పడం ఆవిడకి చేతకాదు. అందుకేనేమో నా భయాలన్నీ ఆవిడకే చెప్పుకునేదాన్ని. భయం లేదన్న మనిషిని నేను నమ్మను. యూనివర్సిటీలో నేల గురించి చదువుకున్నాను, ఇప్పుడు ఈ చుట్టుపక్కల పొలాల మట్టి పరీక్షలు చేస్తాను. ఏ ప్రమాదం ఎంత అరుదో అంకెల్లో చెప్పగలను. టిల్లీ పుట్టాక ఆ అంకెలు నాకే పనికిరాకుండా పోయాయి. బావినీళ్ళలో ఎరువు దిగుతుందేమో, ఆసుపత్రి గంట పైన దూరం కదా, పొయ్యి గొట్టంలో మంచు పేరుకుంటే గాలి ఆడుతుందా, ఇవే ఆలోచనలు. రోజూ భోజనాల దగ్గర మా ఆయన డార్సీతో, ఇది పిల్లని పెంచే చోటు కాదు, సస్కటూన్ సిటీకి వెళ్ళిపోదాం అని మొదలుపెట్టేదాన్ని. డార్సీ బంగాళదుంపలు చిదుముతూ వినేవాడు. టిల్లీ నా ఒళ్ళో కూర్చుని చెంచా నాకుతూ ఉండేది.

ఆర్డిస్ మా పక్కింటావిడ. పక్కిల్లంటే, మధ్యలో ఇళ్ళు లేచిపోయిన స్థలాలు కొన్ని ఉన్నాయి. మా టోర్విక్ సస్కాచవాన్ మైదానంలో రైలు ఆగడం మానేసిన ఊళ్ళలో ఒకటి. ధాన్యం గోదాము పడగొట్టారు, బడి మూసేశారు. ఊరి హాలు, పోస్టాఫీసు, కాసిని ఇళ్ళు మిగిలాయి. మా వైపు ఊరు విడిచేవాళ్ళు ఇల్లు అమ్మితే, కొన్నవాళ్ళు ఆ ఇంటినే పట్టుకుపోతారు. చెక్క ఇళ్ళు కదా, పునాది మీంచి ఎత్తి ఇనుప దూలాల మీద పెట్టి లారీకి కట్టేస్తారు. నేల గడ్డకట్టాక అయితే చక్రాలు దిగబడవు. ఇల్లు వెళ్ళిపోతుంది. నేలమాళిగ గుంట మాత్రం ఇక్కడే ఉంటుంది. పూడ్చాలని రూలుంది గానీ, పూడ్చే యంత్రం ఉన్నాయన కూడా ఊరు విడిచి వెళ్ళాడు. అందుకని ఎవరూ పడిపోకుండా పైన చెక్క పలకలు పరిచి వదిలేస్తారు.

గాలి లేస్తే ఆ పలకల సందుల్లోంచి గుంటలు పలుకుతాయి. సీసా మూతి మీద ఊదినట్టు ఉంటుంది. గుంట లోతునీ సందు వెడల్పునీ బట్టి ఒక్కోదానిది ఒక్కో గొంతు. ఎందుకలా పలుకుతుందో నాకు తెలుసు, కాగితం మీద లెక్క కట్టి చూపించగలను. అయినా ఆ శబ్దం మొదలవగానే పాపని ఎత్తుకుంటాను. టిల్లీ ఏడవదు. తల ఆ వైపు తిప్పి వింటుంది. నాకు అదే ఎక్కువ భయం.

ఆర్డిస్ మాత్రం కిటికీ దగ్గర నిలబడి, "ఇది పెడర్సన్ వాళ్ళది. ముక్కుతో పాడుతోంది చూడు. వాళ్ళావిడ కూడా చర్చిలో అంతే పాడేది," అనేది.

ఈ ఊరంటే ఆర్డిస్‌కి ఇష్టం లేదని ఊరందరికీ తెలుసు. ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెళ్ళాడింది, బుద్ధి తెలిసినప్పటి నుంచీ వెళ్ళిపోతానంటూనే ఉంది. గాలికి అడ్డంగా చెట్లుండే చోటు కావాలి ఆవిడకి. పడమటి సముద్రం ఒడ్డున అలాంటి ఊళ్ళున్నాయని చిన్నప్పుడు ఎవరో చెప్పారట. ఇక్కడ దాక్కోవడానికి చోటెక్కడ అనేది. వాళ్ళ అత్తగారు వస్తోందంటే పొద్దున్నే రోడ్డు మీద దుమ్ము కనిపించేదట, మనిషి మాత్రం మధ్యాహ్నానికి చేరేదట. అంతసేపూ ఆ దుమ్ముని చూస్తూ కూర్చోవాలి అని ఆవిడ బాధ.

ఊరు విడిచేవాళ్ళకి హాల్లో విందు ఇవ్వడం మా ఆనవాయితీ. టర్కీ కోడి, క్యాబేజీ చుట్టలు, జెల్లీలో వేసిన క్యారెట్ తురుము, చివర్న ఒక గోడ గడియారం. గడియారం వెనక అందరూ పేర్లు రాస్తారు. అది చేతికిచ్చాక ఆ మనిషి వెళ్ళిపోయినట్టే లెక్క. హాల్లో కాఫీ పెట్టే వంతుల్లోంచి పేరు తీసేస్తారు.

ఆర్డిస్‌కి మొదటి గడియారం ఇచ్చినప్పుడు ఆవిడ భర్త మెల్విన్ బతికే ఉన్నాడు. విందు అయిన వారానికి, ఈ ఒక్క పంట చూసి వెళ్దాం అన్నాడట. ఒక పంట తర్వాత ఇంకో పంట వచ్చింది. వాళ్ళమ్మాయి కోరిన్ పెద్దదై తనే సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయింది గానీ వీళ్ళు కదల్లేదు. పోస్టాఫీసులో ఎవరు ఎదురైనా, "ఏమే ఆర్డిస్, గడియారం నడుస్తోందా?" అని అడిగేవాళ్ళు. "నడుస్తోంది. నాకంటే అదే నయం," అనేది.

మెల్విన్ పోయాక రెండో విందు జరిగింది. ఈసారి నిజంగానే వెళ్ళింది, నానైమోలో ఉంటున్న కోరిన్ దగ్గరికి. చలికాలం పూర్తవకుండానే తిరిగొచ్చింది. ఎందుకొచ్చావంటే చెప్పలేదు. చెట్లు ఎక్కువై ఊపిరాడలేదేమో అని నవ్వుకున్నారు. వంటింట్లో రెండు గడియారాలూ పక్కపక్కనే వేలాడదీసింది. అవి ఒకే టైము చూపించగా నేనెప్పుడూ చూడలేదు.

కిందటి శరదృతువులో ఇల్లు సామానుతో సహా అమ్మేశానని చెప్పింది. ఉత్తరాన చెరువు పక్కన స్థలమున్న ఒక జంట కొన్నారు. నేల గడ్డకట్టగానే ఇళ్ళు మోసే ఒరెస్ట్ ప్రోకోప్‌చుక్ వచ్చి ఇల్లు తీసుకెళ్తాడు. హాలు పెద్ద స్టెఫీ మొహం మీదే చెప్పేసింది. "మూడో గడియారం ఇవ్వం తల్లీ. నువ్వు అక్కడికి చేరినట్టు కబురు పెట్టు, పోస్టులో పంపిస్తాం."

అందరితో పాటు ఆర్డిస్ కూడా నవ్వింది. ఆ సాయంత్రం మాత్రం మా ఇంటికొచ్చి కోటు విప్పకుండా కూర్చుంది. ఇల్లుంటే మళ్ళీ వచ్చేస్తాను, అందుకే ముందు ఇంటిని పంపేస్తున్నాను అంది. ఇన్నాళ్ళకి మీ కోరిక తీరుతోంది కదా అన్నాను.

"అదే తమాషా. ఇప్పుడు నాకు వెళ్ళాలని లేదు," అంది. "కానీ ఈసారి కూడా వెళ్ళకపోతే అక్కడ ఒక పిల్ల పాడైపోతుంది."

ఏ పిల్ల, ఏమిటి అని అడిగితే మాట మార్చేసింది. కోరిన్‌కి ఒక కూతురుందని మాత్రం నాకు తెలుసు. ఆ రోజు నుంచీ, ఈవిడ వెళ్తుందా, మూడోసారి కూడా ఆగిపోతుందా అని నా ధ్యాసంతా దాని మీదే. డార్సీ పందెం వేద్దామన్నాడు. నేను వేయలేదు. ఆవిడ ఉండిపోవాలని నాకుంది, ఆ పిల్ల సంగతి తలుచుకుంటే అలా అనుకోవడానికి మనసొప్పలేదు.

నవంబరులో ఒరెస్ట్ వచ్చాడు. ఇళ్ళు మోసేవాళ్ళకి ఒక పంతం ఉంటుంది. లోపల సామాను సర్దనివ్వరు. అలమరాలో గిన్నెలు అలాగే ఉండాలి, బల్ల మీద నిండా టీ పోసిన కప్పు పెట్టాలి. చేరేసరికి చుక్క తొణికినా పరువు పోయినట్టే. ఆర్డిస్ టీ పోసింది. ఒరెస్ట్ వంగి చూసి, "పాలు పొయ్యలేదేం, మిసెస్ హల్వర్సన్?" అన్నాడు.

"పోస్తే దారిలో నువ్వే తాగేస్తావు."

ఇల్లు రోడ్డెక్కింది. కరెంటువాళ్ళు ముందు నడుస్తూ తీగలు ఎత్తి పట్టారు. మనిషి నడిచినంత నెమ్మదిగా మా గుమ్మం ముందు నుంచి వెళ్ళింది. వంటింటి కిటికీకి పరదా అలాగే ఉంది, లోపల రెండు గడియారాలు కనిపించాయి. మలుపులో అది పక్కకి తిరిగినప్పుడు నన్నూ పాపనీ చూస్తున్నట్టే అనిపించింది. చెక్క, మేకులు, కిటికీ అద్దం, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. టిల్లీ చెయ్యి ఊపింది.

పలకలు పరిచేసి ఒరెస్ట్ మనుషులు కూడా వెళ్ళిపోయారు. జనం కాఫీకి హాల్లోకి నడిచారు. ఆర్డిస్ గుంట పక్కనే నిలబడింది, నేనూ ఆగాను. కాసేపటికి గాలి లేచింది. పెడర్సన్ వాళ్ళది మొదలైంది, దానివెనక ఇంకోటి. అప్పుడు మా కాళ్ళ దగ్గర్నుంచి సన్నగా, పసిపిల్ల గొంతులా ఒకటి వచ్చింది.

ఆర్డిస్ పలకల మీదికి వంగి విన్నది.

"మాది ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు," అంది.

ఆ రాత్రికి మా ఇంట్లో ఉండి, తెల్లారాక సస్కటూన్‌లో విమానం ఎక్కాలి. నేను దింపాలి. పొద్దున్న లేచి చూస్తే ఆవిడ గది ఖాళీగా ఉంది. మంచులో అడుగులు గుంట వైపే వెళ్ళాయి. పాపని డార్సీకి ఇచ్చి ట్రక్కు తీసుకుని వెళ్ళాను. పలకల అంచున చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, బస్సు కోసం కూర్చున్నట్టు. అడుగున ఆ సన్నటి గొంతు ఆగకుండా వస్తోంది. మూడోసారి కూడా అయిపోయింది అనుకున్నాను.

"మీ పై గది ఖాళీయే కదా," అంది. "నేను టిల్లీని చూసుకుంటాను. నువ్వు పనికి వెళ్ళొచ్చు. ఏమంటావు?"

ఉండిపొమ్మనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆవిడ పక్కన ఉంటే నా భయాలు సగానికి తగ్గుతాయి. అయినా ఆ పిల్ల గుర్తొచ్చి ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాను. నా మొహంలోకి చూసి, లేచి వచ్చి ట్రక్కులో కూర్చుంది.

"అద్దం ఎత్తు," అంది.

ఎత్తాను. గుంట గొంతు ఠక్కున ఆగిపోయింది. అప్పుడు చెప్పింది, నానైమో నుంచి ఎందుకు పారిపోయి వచ్చిందో.

కోరిన్ ఇంట్లో గోడల వెంట అట్టపెట్టెలు, తాళ్ళు కూడా విప్పలేదు. పటాలు నేల మీద గోడకి ఆనించి ఉన్నాయి, గోడకి ఒక్క మేకు లేదు. నిన్నో మొన్నో వచ్చి దిగారేమో అనుకుందట ఆర్డిస్. ఆ ఇంట్లో దిగి ఏళ్ళయింది. అంతకుముందు వీధి బాలేదని, దానికి ముందు ఊరు బాలేదని, ఇల్లు మారుస్తూనే ఉంది కోరిన్. మనవరాలు బ్రిన్ బొమ్మలన్నీ ఒక పెట్టెలో ఉంటాయి. ఆడుకున్నంతసేపు తీస్తుంది, పడుకునే ముందు అన్నీ లోపల పడుకోబెట్టి మూత వేస్తుంది. అలమరా ఉంది కదమ్మా, అందులో పెట్టుకోవచ్చు కదా అని ఈవిడ అడిగిందట.

"ఏమందో తెలుసా? 'ఎక్కువ రోజులు ఉండం కదా, అమ్మమ్మా,' అంది."

ఆర్డిస్ చేతిసంచీ గొళ్ళెం తీసి మళ్ళీ వేసింది.

"ఆ మాట నాది. అదే మాట, అదే సాగదీత. కోరిన్ చిన్నప్పుడు రోజూ పాలు పోస్తూ అన్నాను. గాలి లేస్తే అన్నాను, పక్కిల్లు లేచిపోతే అన్నాను. నేను ఇక్కడే ఉండిపోయాను. మాట మాత్రం దానితో వెళ్ళి, ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది. వినలేకపోయాను, పారిపోయి వచ్చాను. ఇంకో సంగతి చెప్పనా? అక్కడ చెట్లే, గుంటలు లేవు. అయినా కోరిన్‌కి ఆ ఊళ వినిపిస్తుందట. అద్దెకి దిగిన ప్రతి ఇంట్లోనూ."

ఆ వేసవి సెలవులకి ముందు బడి నుంచి కోరిన్‌ని పిలిచి మాట్లాడారట. బ్రిన్ ఎవరితోనూ స్నేహం చెయ్యదు. పుట్టినరోజుకి పిలిస్తే, మేం వెళ్ళిపోతున్నాం అంటుందట. అమ్మా నాకేం చెయ్యాలో తెలియట్లేదు అని కోరిన్ ఫోన్లో ఏడ్చింది.

"ఒకచోట కూర్చుని గోడకి మేకులు కొట్టుకునే మనిషి ఒకళ్ళు ఆ పిల్లకి కనిపించాలి," అంది ఆర్డిస్. "ఆ చోటు నాకు నచ్చుతుందా అన్నది ఇంక లెక్కలోకి రాదు."

ఇంజను స్టార్ట్ చెయ్యబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు వెళ్తే వెళ్ళు, ఉంటే ఉండు. సిటీ మంచిదే. డార్సీతో ఆ మాట ఎత్తాలనిపిస్తే ఇద్దరూ వచ్చి ఇందులో కూర్చోండి. అద్దాలు ఎత్తుకుని ఎంతసేపైనా తిట్టండి ఈ ఊరిని. ఇంట్లో మాత్రం వద్దు."

"టిల్లీకి ఇంకా మాటలే రావు కదా," అన్నాను.

"నేను మొదలుపెట్టినప్పుడు కోరిన్‌కీ రాలేదు."

వెళ్ళింది. విమానాశ్రయం దాకా రోడ్డు బాగుందా, టైర్లు మార్చారా అని తప్ప ఇంకేం మాట్లాడలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. చెట్ల కింద మధ్యాహ్నమే చీకటి పడిపోతోందని తిట్టుకుంటుంది. మేకు కొడుతుంటే బొటనవేలు చితికిందని ఒకసారి, బ్రిన్ తన కుందేలు బొమ్మని కిటికీలో పెట్టి మూడు రోజులుగా పెట్టెలో పెట్టలేదని ఇంకోసారి చెప్పింది. ఆ కుందేలు సంగతి చెప్పినప్పుడు గొంతు తగ్గించి చెప్పింది, పిల్ల వింటుందేమోనని. స్టెఫీ ఇంకా గడియారం పంపలేదు. ఇంకో చలికాలం చూద్దాం అంటోంది.

సస్కటూన్ నుంచి నాకు ఉద్యోగం కబురొచ్చింది. వెళ్తామో లేదో ఇంకా తేలలేదు. నా భయాల్లో ఏదీ తగ్గలేదు. ఇప్పుడు కొత్తగా ఇంకోటి చేరింది. గాలి లేచినప్పుడు ఆ సన్నటి గొంతు వైపు టిల్లీ తల తిప్పితే, ఇన్ని నెలలు నా ఒళ్ళో కూర్చుని ఏమేం విన్నదో అని ఆలోచిస్తాను. వెళ్ళే మాట ఎత్తాల్సి వచ్చినప్పుడు స్టెఫీ వచ్చి పాప దగ్గర కూర్చుంటుంది. నేనూ డార్సీ కోట్లు వేసుకుని, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ట్రక్కులోకి వెళ్తాం. అద్దాలకి ఆవిరి పట్టేదాకా పోట్లాడుకుంటాం. దిగేముందు ఇద్దరం గొంతు సవరించుకుంటాం.

మొన్న వంటింట్లో డార్సీ ఉద్యోగం సంగతి ఎత్తబోయాడు. ట్రక్కు తాళంచెవులు తీసి అతని చేతిలో పెట్టాను. పాప నిద్రపోతోంది కదా అన్నాడు. నిద్రపోతున్నా సరే, ఆ మాట ట్రక్కులోనే అని ఆర్డిస్ చెప్పింది అన్నాను.