డేలియా కొన్న మంచాలు

మా వృద్ధుల హోమ్‌లో పడమటి వైపు ఎనిమిది మంచాలు ఖాళీగా ఉన్నాయి. నూటపది కిలోమీటర్ల అవతల, పట్నం ఆసుపత్రిలో, మంచం దొరక్క ముసలివాళ్లు నడవాల్లో పడి ఉన్నారు. ఈ రెండు ముక్కలూ కలిపి చూడటానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. రాజధానిలో కూర్చున్నవాళ్ల కళ్లకి మాత్రం ఇంతవరకూ ఆనలేదు.

ఆ ఎనిమిదింటిలో ఒక్కటి తన మొగుడికి ఇమ్మని తొమ్మిది నెలలు తిరిగిన మనిషి డేలియా. కేప్ బ్రెటన్ దీవి పడమటి తీరంలో మాది ఫ్రెంచి మాట్లాడే ఊరు, చుట్టూ అంతా ఇంగ్లిషే. ఊళ్లో ఆవిడని ఎరగనివాళ్లు లేరు. డెబ్బై ఎనిమిదేళ్లు. పదిహేనో ఏట చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టింది. తర్వాత మా హోమ్ లాండ్రీలో చేరి ఇరవయ్యారేళ్లు దుప్పట్లు ఉతికింది. అసలు ఈ హోమ్ కట్టినప్పుడు ప్రభుత్వం గోడలు లేపి చేతులు దులుపుకుంది. మంచాలు మీరే చూసుకోండి అంది. అప్పుడు మా ఆడవాళ్లు రెండు శీతాకాలాలు గోనెగుడ్డ మీద ఊలు అల్లి తివాచీలు చేసి, ఎండాకాలం వచ్చే టూరిస్టులకి అమ్మి, మంచాలు కొన్నారు. అందరికంటే ఎక్కువ తివాచీలు అల్లింది డేలియా. ఆ అల్లికకి వంగిన కుడి చూపుడువేలు ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తిన్నగా రాదు.

నా పేరు లూస్. ఆ హోమ్‌లో ముసలివాళ్లకి స్నానం చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం నా పని. ఆదివారాలు షిఫ్టు బాధ్యత కూడా నాదే. పడమటి గదులకి తాళం పడి రెండేళ్లయింది. ఇద్దరు నర్సులు తక్కువయ్యారట, అదీ కారణం. ఆ ఇద్దరిని తేలేని ప్రభుత్వం రాష్ట్రమంతా వేల పడకలు పెంచేస్తామని రేడియోలో ఊదరగొడుతోంది. వినీ వినీ ఒళ్లు మండి వంటగదిలోని రేడియో తీసి అటక మీద పడేశాను.

డేలియా మొగుడు తాదే ముప్పయ్యేళ్లకి పైగా కొండదారిలో మంచు తోసే బండి నడిపాడు. మతిమరుపు ముదిరి, పొయ్యి వెలిగించి వదిలేయడం, చొక్కా మీదే మంచులోకి వెళ్లిపోవడం మొదలైంది. పోయిన జూన్‌లో జారిపడితే పట్నం తీసుకెళ్లారు. తుంటి ఎముక అతికింది. ఇక ఇంటికి పంపకూడదు, హోమ్‌లో పడక దొరికేదాకా ఇక్కడే ఉండాలన్నారు. లిఫ్టు పక్కన తెర కట్టి పడుకోబెట్టారు. ఆగస్టులో ఒక పడక చూపించారు. ఊరికి నాలుగు గంటల దూరంలో, ఫ్రెంచి ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేనిచోట. మతి పోతుంటే తాదేకి ముందుగా పోయింది ఇంగ్లిషే. డేలియా వద్దంది. వద్దన్నందుకు ఆయన పేరు జాబితాలో అట్టడుక్కి తోసేశారు. ఎంత బుద్ధిమంతులో చూడండి.

ఆవిడ వారం వారం హోమ్‌కి వచ్చేది.

"ఏమే లూసీ, నా మంచాలెట్లా ఉన్నాయే?"

"దుమ్ము పడకుండా గుడ్డలు కప్పాను పెద్దమ్మా."

"మంచాలకి కప్పావా! అక్కడ మీ పెద్దనాన్నకి చలేస్తే దుప్పటి అడుగుదామంటే నొక్కే గంట కూడా లేదు. ఆ ముసలాడు మంచమై పుట్టినా బాగుండేది."

ఈస్టరు ముందు ఉపవాసాల మధ్యలో మా ఊళ్లో ఒక వారం మారువేషాలు కడతారు. ముఖాలు కప్పుకుని, గొంతు తెలియకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడుతూ ఇంటింటికీ వెళతారు. ఎవరో కనిపెట్టి పేరు చెబితే ముసుగు తీసెయ్యాలి. చెప్పలేకపోతే అట్లాగే వెళ్లిపోవచ్చు. ఆదివారం భోజనాలయ్యాక హోమ్‌కి వస్తారు. మా ముసలివాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఆ పూట కోసమే.

ఈసారి పన్నెండుమంది వచ్చారు. తొంభై రెండేళ్ల జాబెత్ చక్రాల కుర్చీలోంచి ఒకడి వెనక వేలు చూపించి, "ఆ పిర్రలు ప్లాసిడ్‌గాడివి! ఊళ్లో ఇంకెవరికీ లేవు!" అని అరిచింది. వాడు ముసుగు తీయక తప్పలేదు. అందరూ చిందులేస్తుంటే పసుప్పచ్చ వానకోటు తొడుక్కున్న ఒక్కడు మాత్రం కదల్లేదు. తలమీంచి గడ్డం దాకా ఊలు టోపీ, కళ్ల దగ్గర రెండు చిల్లులు. కిటికీ తెర కప్పుకుని పెళ్లికూతురి వేషం కట్టిన ఒకావిడ అతని చెయ్యి వదల్లేదు. అతను ఒక అడుగు వేశాడు. కుడికాలు ఈడ్చాడు. నాకు తెలిసిపోయింది. ఆ పూట సెలవు మీద ఆయన్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారని, సాయంత్రం ఆరింటికల్లా తిరిగి అప్పజెప్పాలని కూడా తెలుసు.

వెళ్లేటప్పుడు పదిమందే ఉన్నారు.

పడమటి గదికి పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. ఇరవయ్యారేళ్లు పనిచేసిన మనిషికి ఏ తాళం ఎట్లా వస్తుందో ఒకరు చెప్పాలా? ఉతికిన దుప్పటి, మూలలు బిగించి మడిచిన పక్క. టోపీ ముసుగుతోనే తాదే హాయిగా నిద్రపోతున్నాడు. పక్కనే పెళ్లికూతురి ముసుగు తీసేసి డేలియా.

"పెద్దమ్మా, ఇదేం పని?"

"మంచం నాది, మొగుడు నావాడు. మధ్యలో నువ్వెవరివే?"

"ఆరింటికల్లా అప్పజెప్పాలిగా!"

"అప్పజెప్పడానికి ఆయనేమన్నా అద్దె సైకిలా?"

"అడిగితే నేనేం చెప్పను?"

"ఏం చెప్పకు. పేరు చెప్పకపోతే ముసుగు తీయక్కర్లేదు. ఆట అదేగా."

నేను తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను. ఆరింటికి కోడికూర పులుసు రెండు గిన్నెల్లో అటు వెళ్లింది. ఎవరు పంపారని నేను అడగలేదు. ఏడింటికి పట్నం నుంచి ఫోను, ఏడున్నరకి మా మేనేజరమ్మ. ఆవిడ వెనకే చక్రాల కుర్చీలన్నీ పడమటి గదికి వచ్చేశాయి.

"ఎవరీయన?" అంది మేనేజరమ్మ.

"బిషప్ గారమ్మా!" అన్నారొకరు.

"కాదు, మంత్రిగారు! పడకలు మెత్తగా ఉన్నాయో లేదో చూడ్డానికొచ్చారు!" అంది జాబెత్.

అందరూ పగలబడి నవ్వారు. తాదేకి మెలకువ వచ్చింది. తప్పు పేరు చెప్పినప్పుడల్లా కాదు, కాదని తల ఊపుతున్నాడు. పెళ్లాం పేరు మర్చిపోయిన మనిషికి ఆట మాత్రం గుర్తుంది. డేలియా ఆయన్నే చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మేనేజరమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "లూస్, షిఫ్టు నీది. ఊరూపేరూ లేని మనిషిని ఇక్కడ ఉంచితే రేపు ఇన్‌స్పెక్షన్‌లో ఉన్న పడకలకే ఎసరొస్తుంది. ఈయనెవరో నీకు తెలుసు. చెప్పకపోతే రేపట్నుంచి పనికి రానక్కర్లేదు."

మా ఊళ్లో ఏడాది పొడుగునా పని ఉండేది ఒక్క హోమ్‌లోనే. నాకిద్దరు పిల్లలు. ఇదంతా నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు. ప్రభుత్వం మీద ఎంత కోపముందో ఆ నిమిషం మీద అంతకంటే ఎక్కువ ఉంది.

"తాదే పెద్దనాన్న," అన్నాను.

ఆయన మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులతో టోపీ లాగేశాడు. జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది. ముఖమంతా నవ్వు. "పట్టేశావే పిల్లా!" అన్నాడు. "పట్టేశావే!"

ఎవ్వరూ నవ్వలేదు. డేలియా వంగి ఆయనకి బూట్లు తొడిగింది. అంబులెన్సు వచ్చాక పక్కమీది దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

రెండేళ్లుగా ఆ గదులకి ఇద్దరు నర్సులు దొరకలేదు. తాళం మార్చేవాడు మాత్రం మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా దిగాడు. ఏ తలుపో చూపించింది నేనే.