గుర్రం గడి దగ్గర తెగిన మాటలు: టెక్కలి నుంచి ఉద్దానం తీరానికి

ఉద్దానం వైపు వెళ్ళాలంటే ఎలా వెళ్ళాలి, ఒక్క రోజులో తిరిగి రావచ్చా అని ఈ మధ్య కొందరు అడిగారు. ఊళ్ళు చూడటానికని నేను ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. పని పడి వెళ్ళిన ప్రయాణం ఒకటి చెబుతాను. దారి ఎవరికైనా అదే.

మా చెల్లెలు సరోజది వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉన్న ఊరు. మరిది జోగారావుకు కొబ్బరితోట ఉంది, కొంచెం జీడితోట ఉంది. ఆ పక్క చాలామందికి ఉన్నట్టే కిడ్నీ జబ్బూ ఉంది. నెలకోసారి పలాసలో రైలెక్కి విశాఖపట్నంలో డాక్టరుకు చూపించుకోవాలి. తోడు వెళ్ళేది మా తమ్ముడు రామ్మూర్తి. వాడు టెక్కలిలో గుమాస్తా. కిందటి నెల మరిది ఆసుపత్రికి వెళ్ళలేదు. వచ్చే సోమవారం కూడా వెళ్ళనంటున్నాడని శుక్రవారం సాయంత్రం సరోజ ఫోన్ చేసింది. మా వైపు అక్కను అప్పా అని పిలుస్తారు.

"కాళ్ళు వాసిపోతన్నాయప్పా. నా మాట ఇనడు. నువ్వొచ్చి సెప్పు."

"ఎందుకు వెళ్ళడట?"

గొంతు తగ్గించి, "సదరంగం" అంది.

ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేశాను. ఆసుపత్రికీ చదరంగానికీ ఏం సంబంధమో దేవుడికే తెలియాలి.

శనివారం తెల్లవారి దీపం పెట్టుకుని శ్రీకాకుళంలో మొదటి బస్సు ఎక్కాను. నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా టెక్కలికి గంటన్నర పడుతుంది. టికెట్టు వంద రూపాయల లోపే. కిటికీ పక్క కూర్చుని నామం చెప్పుకుంటూ ఉంటే దారి తెలియదు. అసలు సంగతి తెలుసుకుని వెళ్దామని ముందు టెక్కలిలో దిగి తమ్ముడింటికి వెళ్ళాను.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏటీ అవలేదప్పా. ఎక్కడో విదేశంలో పెద్ద టోర్నమెంటు జరిగింది. ఆడినవాళ్ళందరూ గ్రాండ్‌మాస్టర్లే. అందులో ఒక ఆట ఆదివారం పేపర్లో వేశారు. తెల్లపావుల వాడు ఓటమి ఒప్పుకున్నాడు. ఒప్పుకోకూడదంటాడు బావ. గెలిచే ఆట వదిలేసుకున్నాడంట! అంత ఆటగాడికి కనపడనిది ఈయనకి కనపడిందంట."

"అయితే?"

"నీకు ఆట రాదు బావా అన్నాను."

"ఎక్కడ అన్నావు?"

తమ్ముడు టీ గ్లాసు వంక చూశాడు. "వాళ్ళ ఊళ్ళో పెళ్ళిలో. భోజనాల బంతిలో."

ఇద్దరిదీ పాతికేళ్ళ స్నేహం. పేపర్లో వచ్చిన ప్రతి ఆటనూ పావులు పెట్టుకుని మళ్ళీ ఆడి చూసుకునేవాళ్ళు. ఆ కత్తిరించిన కాగితం తెచ్చి నా ముందు పెట్టి వివరించాడు. నల్లబంటు ఒకటి గుర్రపు వరసలో చివరి గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. తెల్లశకటు దాన్ని అందుకోలేదు. తెల్లవాడికి ఎడమ అంచున, ఏనుగు వరసలో, ఒక బంటు ఉంది గానీ అది ఇంకా మూడు అడుగులు నడవాలి. "ఈలోగా వాడికి మంత్రి వచ్చేస్తుంది. మంత్రి వచ్చాక ఇంకేముందప్పా? మూలగా వెళ్ళి ఆ బంటుని తినేస్తుంది." నేను తల ఊపాను. నాకు అర్థం కాలేదని వాడికీ తెలుసు.

"నాతో రా. ఒక్క మాట అనేస్తే పోతుంది."

"ఆయన పిలిస్తే వస్తాను. పిలవకుండా ఆ గుమ్మం తొక్కను."

కాగితం సంచిలో పెట్టుకుని పలాస బస్సు ఎక్కాను. నందిగాం మీదుగా ముప్పావు గంట ప్రయాణం. దారి పొడుగునా జీడితోటలే. కాగితం తీసి చూస్తూ కూర్చున్నాను. ఒకసారి తమ్ముడి మాట నిజమనిపించింది, ఇంకోసారి మరిది వైపు కూడా ఏదో ఉండే ఉంటుందనిపించింది. రెండింటికీ నా దగ్గర కారణం లేదు.

పలాసకు ఆనుకునే ఉన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఒక పాక హోటల్లో ఇడ్లీ తిన్నాను. వేడిగా ఉంటాయి, చట్నీలో కారం ఎక్కువ. వడ్డించే ఆమె నా చేతిలో కాగితం చూసింది.

"ఏటమ్మా అది, ముగ్గా?"

"చదరంగం."

"అయ్యో రాత! మా ఇంటాయనకీ ఉండీది ఆ పిచ్చి. పావులన్నీ బియ్యం డబ్బాలో దాసీసినాను. ఇప్పుడు బాగున్నాడు." ఇంకో ఇడ్లీ వేసి, "మీ ఇంట్లో ఎవులికి?" అని అడిగింది.

"ఇద్దరికి" అన్నాను.

"అయితే రెండు డబ్బాలు కావాల" అని వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి తీరం ఊళ్ళకు షేరు ఆటోలు ఉంటాయి. నిండితే గానీ కదలవు. దారి బాగుంటే గంట, లేకపోతే ఇంకొంచెం. రెండు పక్కలా కొబ్బరి, పనస, మునగ. నీడలోనే వెళ్తాం కాబట్టి మధ్యాహ్నమైనా బాధ ఉండదు. ఆటో అబ్బాయి ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

"మా సదరంగం మావ ఇంటికా! మీరేటవుతారు?"

"వాళ్ళావిడకు అక్కను."

"అంటే టెక్కలాయనకి కూడా అప్పే కదా. అయితే దిగిపోండమ్మా" అని నవ్వాడు. ఆటోలో ఉన్నవాళ్ళూ నవ్వారు. "ఊరందరం ఆ ఆట సూసినామండి. ముసిలోళ్ళు కూడా తెల్లోడే గెలుత్తాడన్నారు. ఒక్క మడిసీ కాదన్లేదు. మరి పెళ్ళిలో అంత మాటంటే పడీదెలాగ?"

అక్కడ నాకు మరీ అయోమయంగా అనిపించింది. ఊరు ఊరంతా ఒకే తప్పు చేస్తుందా? అలాగని పేపర్లో ఆడినవాడు తెలివితక్కువవాడా?

జోగారావు అరుగు మీద ఉన్నాడు. మనిషి తగ్గాడు. పాదాలు మాత్రం నున్నగా ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కింటి బైరాగి, వేట నుంచి వచ్చి వల ఆరేసుకున్నవాడు, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మజ్జిగ తాగాక ఆసుపత్రి మాట ఎత్తాను.

"ఎల్తానొదినా. ఒక్కడినే ఎల్తాను, బలమొచ్చాక."

"బలం ఆసుపత్రికి వెళ్తే వస్తుంది."

"ఆట రానోడితో ఆడికేటి పని? రైల్లో నాతో ఏటి మాటాడతాడు?"

సరోజ తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది. నాకు ఇంకేం తోచక సంచిలోంచి కాగితం తీసి, "నాకూ చెప్పు. నాకు రాదు కదా, మొదటి నుంచీ చెప్పు" అన్నాను. ఆయన ముఖం కొంచెం తేరుకుంది. పావులు తెప్పించి పేర్చాడు.

"సూడొదినా. ఇది నల్లబంటు. అడుగేసింది, చివరికొచ్చింది. రానీ. గుర్రమయింది. ఈలోగా మన తెల్లబంటు ఏనుగు వరసలో నడిసి నడిసి ఏనుగయింది. ఏనుగూ శకటూ ఒకేపు, ఒంటి గుర్రం ఒకేపు. ఎవులు గెలుత్తారు?"

"ఏనుగే" అన్నాడు బైరాగి. "సంటోడిని అడిగినా సెప్తాడు."

నేను కాగితం వంక, బల్ల వంక మార్చి మార్చి చూశాను. "తమ్ముడు మంత్రి వస్తుందన్నట్టు గుర్తు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"గుర్రం గడిలో మంత్రేటొదినా? ఏ వరసలో దిగితే ఆ వరస బలం. మంత్రి కావాలంటే మంత్రి వరసలోనో రాజు వరసలోనో దిగాల. మా తాతల కాడ నించీ అంతే."

నేనే తప్పు విన్నాననుకున్నాను. సరిచూసుకుందామని తమ్ముడికి ఫోన్ చేయబోతే కింద సిగ్నల్ లేదు. డాబా ఎక్కాలి. జోగారావు రానన్నాడు. నేను రెండు మెట్లు ఎక్కేసరికి గోడ పట్టుకుని వెనకే ఎక్కడం మొదలుపెట్టాడు. సరోజా బైరాగీ కూడా వచ్చారు. సరోజ ఫోన్ అందుకుని అందరికీ వినపడేలా పెట్టింది.

"రామ్మూర్తీ, గుర్రపు వరసలో దిగిన బంటు ఏమవుతుందిరా?"

"మన ఆటలోనా, పేపరాటలోనా?"

"రెండూ వేరా?"

"వేరే కదప్పా. మన ఆటలో గుర్రం. పేపరాటలో ఎక్కడ దిగినా మంత్రిని తెచ్చుకోవచ్చు. బావకి తెలుసు కదా."

జోగారావు పిట్టగోడ మీద కూర్చున్నాడు. మెల్లగా ఫోన్ తీసుకున్నాడు.

"ఎప్పటి నించిరా అలగ?"

తమ్ముడికి గొంతు తెలిసింది. "మొదటి నించీ అంతే బావా."

"బంటు రెండడుగులెయ్యొచ్చని సెప్పినావు. రాజుని కోటలో పెట్టొచ్చని సెప్పినావు. ఇది సెప్పలేదేటి?"

"పేపర్లో బంటు దిగేదాకా ఎవరాడారు బావా? ముందే ఒప్పుకునేవాళ్ళు. మాటే రాలేదు." కొంచెం ఆగి, "చెప్పకపోవడం నాది. రాదనకూడదు నేను. అందులోనూ బంతిలో" అన్నాడు.

జోగారావు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు తిరిగాడు. నేను కళ్ళు మూసుకుని దేవుడిని తలుచుకున్నాను. లైను తెగిపోయిందేమోనని తమ్ముడు రెండుసార్లు బావా, బావా అన్నాడు.

"అరవకు. ఇక్కడే ఉన్నాను. సోమవారం టిఫిను ఇంట్లో కట్టించుకురా. ఆ ఆసుపత్రి కాంటీను ఇడ్లీ నాను తిన్ను."

సరోజ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. బైరాగి మాత్రం ఇంకా తేల్చుకోలేదు. "అయితే మావా, ఇంతకీ తెల్లోడు గెలిసినట్టా, ఓడినట్టా?" అన్నాడు. జోగారావు గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

నాలుగు దాటకముందే తిరుగు ఆటో ఎక్కాను. బంటు ఎక్కడ దిగినా మంత్రి ఎందుకవుతుందో, ఇక్కడ దిగిన చోటి బలమే ఎందుకు వస్తుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఒక బల్ల ముందు పాతికేళ్ళు కూర్చున్న ఇద్దరికి ఈ మాట ఒక్కసారి కూడా రాకపోవడం ఇంకా బోధపడలేదు. మనుషులు ఏది ఎదుటివాడికి తెలుసుననుకుని వదిలేస్తారో ఆ భగవంతుడే కనిపెట్టాలి. ఇటు వెళ్ళేవారికి ఒక్క మాట: కాశీబుగ్గలో ఆటో ఎక్కేటప్పుడే తిరుగు బండి ఎప్పుడో డ్రైవరును అడిగి పెట్టుకోండి. పొద్దు వాలాక తీరం ఊళ్ళ నుంచి బండ్లు దొరకవు. సోమవారం పొద్దున్న పలాస స్టేషన్లో ఇద్దరూ రైలెక్కారని సరోజ ఫోన్ చేసింది. పావుల సంచీ కూడా పట్టుకెళ్ళారట. దారిలో ఏ ఆట ఆడుకున్నారో నేను అడగలేదు.