బకెట్ నీళ్ల కంప్యూటర్

ఈ వేసవికి మా ఆఫీసులో కొత్త కూలర్ పెట్టారు. గ్రానైట్ పలకల ఫోటోలను సరిదిద్ది కొనుగోలుదారులకు పంపడం అక్కడ నా పని. మొన్న మధ్యాహ్నం కూలర్‌లో నీళ్లు నింపి స్విచ్ వేశారు. లోపలి చిన్న మోటారు ముందు గాలి మింగి గుటకలు వేసింది, తర్వాత నీళ్లు అందుకుని సన్నగా మూలగడం మొదలుపెట్టింది. తడిసిన గడ్డి వాసన గదంతా పరుచుకుంది. అందరూ హాయిగా కుర్చీల్లో వెనక్కి వాలారు. నా చేతులు మాత్రం కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ చప్పుడు వింటే నాకు చల్లదనం కాదు, ఓదెలు సార్ గుర్తుకొస్తారు.

ఓదెలు సార్ కరీంనగర్ బస్టాండు వెనక సందులో పెళ్లి వీడియోలు కూర్చే షాపు నడిపేవారు. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. మేడ మీద రేకుల గది, రెండు కంప్యూటర్లు, గోడ నిండా డీవీడీలు. సార్ బెల్లంపల్లిలో పుట్టారు. వాళ్ల బాపు, అంటే నాన్న, బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. సార్ సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఎప్పుడూ తొందరపడేవారు కాదు. నేను చేరిన కొత్తలో ఒక పెళ్లి వీడియోలో తలంబ్రాల దృశ్యానికి ఒక ముసలమ్మ అడ్డంగా వచ్చి చాలాసేపు నిలబడింది. చేయి తిరిగినదానిలా ఆ ముక్క కత్తిరించి, శుభ్రంగా అతికించి సార్‌కు చూపించాను. ఆయన చూసి, ఆ ముక్క మళ్లీ యథాస్థానంలో పెట్టారు.

"అడ్డం వచ్చింది గద సార్," అన్నాను.

"వచ్చింది. పెండ్లిపిల్లకు అమ్మమ్మ అయితది గామె. పిల్ల ఫోటోలు శానుంటయ్ బిడ్డా. గామెయి గిదొక్కటే ఉంటది గావచ్చు."

ఆ తర్వాత నేను ఏ పెళ్లి వీడియోలోనూ ముసలివాళ్లను కత్తిరించలేదు. పని నేర్చుకోవడమంటే మీటలు నొక్కడం నేర్చుకోవడమని అనుకునేదాన్ని. తెర మీద కదిలే మనిషి ఎవరికో ఏదో అవుతారన్న సంగతి ఆయన దగ్గరే తెలిసింది.

సార్‌కు సొంత పని ఒకటుండేది. బొమ్మలతో చిన్న సినిమా తీస్తున్నారు. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడి, జనం తగ్గి, పాత క్వార్టర్లు ఖాళీ అవుతున్న రోజులవి. ఆదివారం బస్సెక్కి అక్కడికి వెళ్లేవారు, తాను పెరిగిన క్వార్టరు ముందు కూర్చుని ఫోటోలు తీసుకుని వచ్చేవారు. వాటిని చూస్తూ నేరుగా కంప్యూటర్‌లోనే డిజిటల్ పెన్నుతో బొమ్మలు గీసేవారు. వాళ్లవ్వ, అంటే అమ్మ, ఇంట్లోంచి బయల్దేరి బాయి గేటు దాకా బాపుకు సద్ది తీసుకుపోవడమే కథ. అంతకుమించి ఏమీ జరగదు. "గిందుల కథేముంది సార్?" అని ఒకసారి అడిగాను. "మా అవ్వ ఉన్నది గద," అన్నారు.

చిక్కంతా ఎండతో వచ్చింది. గీసిన బొమ్మలన్నిటినీ కలిపి కదిలే సినిమాగా మార్చేటప్పుడు కంప్యూటర్ గంటల తరబడి ఊపిరాడకుండా పనిచేయాలి. ఏప్రిల్ దాటితే ఆ రేకుల గది కాలిన పెనంలా ఉండేది. పని సగంలో ఉండగానే లోపలి చిప్పు వేడెక్కి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి. ఏసీ పెట్టించే స్తోమత లేదు. కంపెనీ వాళ్లు అమ్మే నీళ్ల కూలింగ్ సామాను కూడా మాలాంటి షాపుకు అందేది కాదు. ఒకరోజు సార్ రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిన కారును, దాని డ్రైవరు బాటిల్‌తో నీళ్లు పోయడాన్ని కిటికీలోంచి చాలాసేపు చూశారు. "స్వరూపా, బండికి నీళ్లు పోస్తరు, మన మిషిన్‌కు ఎందుకు పోయొద్దు?" అన్నారు. ఎండకు ఏదో అయిందనుకున్నాను.

మరునాడు రేడియేటర్లు బాగుచేసే ఖాదర్ భాయ్ దగ్గరికి నన్నూ తీసుకెళ్లారు. పాత సామాను కుప్పలోంచి ఒక తుక్కు కారులోని చిన్న రేడియేటర్‌ను ఏరుకున్నారు. చిప్పు మీద కూర్చోవడానికి అగ్గిపెట్టెంత రాగి డబ్బా కావాలని, దానికి నీళ్లు వచ్చే గొట్టమొకటి, పోయే గొట్టమొకటి అతకాలని నేల మీద సుద్దతో గీసి చూపించారు. ఖాదర్ భాయ్ గడ్డం గోక్కుంటూ, "కంప్యూటర్‌ల నీళ్లా? సార్, తబియత్ మంచిగున్నదా?" అన్నాడు. అయినా డబ్బా చేసిచ్చాడు. ఇక నీళ్లను తిప్పడానికి మోటారు కావాలి. దాని కోసం సార్ ఇంట్లో కూలర్ విప్పారు. సాయంత్రం ఆయన భార్య భాగ్యక్క మెట్లెక్కి షాపులోకే వచ్చేసింది.

"ఏమయ్యా, ఇంట్ల మేం ఉడికి సావాలె, గీ డబ్బ సల్లగుండాల్నా?"

"గా అవ్వ సినిమా అయ్యేదాంక జర ఓపిక పట్టు."

"అత్తమ్మ బతికున్నప్పుడు సల్లటి నీళ్లు అడిగితే కుండల ముంచుకోమన్నవ్. ఇప్పుడు బొమ్మకు మోటర్లు పెడ్తున్నవ్," అని నవ్వేసి, ఆ మోటారు కడగడానికి తానే కూర్చుంది.

బిగింపు అంతా అయ్యాక కూడా సార్ కంప్యూటర్‌కు తగిలించనివ్వలేదు. రాగి డబ్బా, గొట్టాలు, రేడియేటర్, బకెట్ అన్నీ నేల మీద పేపర్లు పరిచి వాటి మీద పెట్టారు. బ్యాటరీలో పోసే నీళ్లు బకెట్లో పోసి, కార్లలో పోసే పచ్చటి కూలెంటు కొంచెం కలిపి మోటారు వేశారు. ఒక అతుకు దగ్గర పేపరు మీద పచ్చటి మరక లేచింది. నా ప్రాణం ఉసూరుమంది. సార్ మాత్రం సంతోషించారు. "కారనీ. ఇప్పుడు కారితే పేపర్ తడుస్తది. అటెన్క కారితే కొంప మునుగుతది." రోజంతా అలా తిప్పి, పేపర్లు పొడిగా ఉన్నాయని చేత్తో తడిమి చూశాకే చిప్పు మీద రాగి డబ్బా బిగించారు. రేడియేటర్ ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఆ మధ్యాహ్నమంతా ఎండ రేకుల మీద దంచింది, కంప్యూటర్ మాత్రం ఆగలేదు. తెర మీద వేడి అంకె ఒకచోట నిలబడిపోయింది. సార్ బకెట్లో వేలు ముంచి, గోరువెచ్చటి నీళ్లు నా చేతి మీద చిలకరించి చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆయన అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

ఆ ఏడాదంతా సినిమా నెమ్మదిగా పెరిగింది. అన్నిటికంటే ఆయన్ను సతాయించింది వాళ్లవ్వ నడక. గీసేవారు, చెరిపేసేవారు. కుదిరిన రోజు నన్ను పిలిచి ఆ ముక్క ఒక్కటీ చూపించారు. భాగ్యక్కను కూడా పిలిస్తే, "తుకుడ తుకుడ నేను సూడ. మొత్తం అయినంక ఒక్కసారే సూస్త," అంది.

మరుసటి ఎండాకాలానికి గొట్టాలు గట్టిపడి పసుపురంగుకు తిరిగాయి. మార్చాలని ఇద్దరికీ తెలుసు. కానీ అది పెళ్లిళ్ల సీజను. మిషన్ ఒక్కరోజు ఆపితే పది మందికి మాట తప్పాలి. కాపీ దాచుకునే డిస్కు మా దగ్గర ఒక్కటే ఉండేది. రోజూ సాయంత్రం సార్ జనం పెళ్లిళ్లన్నీ అందులోకి ఎక్కించేవారు. "మీ సినిమా కూడ ఎక్కియ్యండి సార్," అని అంటూనే ఉండేదాన్ని.

"జాగ సాలదు బిడ్డా. వాళ్ల పెండ్లి మళ్లా కాదు. మనది మళ్లా గీసుకోవచ్చు. గీ సీజన్ పోనీ, గొట్టాలు మారుద్దం, ఇంకో డిస్కు తెద్దం."

సీజను ఇంకా నడుస్తుండగానే ఒక మధ్యాహ్నం కాలిన వైరు వాసన వచ్చింది. సార్ ఒక్క ఉదుటున ప్లగ్గు పీకారు. మూత తీస్తే లోపలంతా పచ్చటి నీళ్లు. అతుకు దగ్గర గొట్టం పగిలి ఉంది. సినిమా ఉన్న డిస్కు అన్నిటికంటే అడుగున ఉండేది. దాన్ని బయటకు తీసి, పంచె చెంగుతో తుడిచి, ఎండలో ఒక పేపరు మీద పెట్టి పక్కనే గొంతుక్కూర్చున్నారు. అందులోని సినిమాను బయటకు తీయించడానికి హైదరాబాద్ పంపించాం. ఏమీ రాదని తిప్పి పంపారు. ఒక్క పెళ్లి కూడా పోలేదు. ఆ సీజనులో అందరికీ చెప్పిన రోజుకే వీడియోలు అందాయి.

మళ్లీ గీయమని నేను బతిమాలాను, భాగ్యక్క పోట్లాడింది. అప్పటికి బెల్లంపల్లిలో ఆ క్వార్టర్ల వరుస కూల్చేశారు. ఆయన తీసిన ఫోటోలూ ఆ డిస్కులోనే ఉండేవి. "గోడలే లేవు. దేన్ని సూసి గీయాలె?" అన్నారు. రెండేళ్లకు జనం ఫోన్లలోనే వీడియోలు కూర్చుకోవడం మొదలైంది, షాపు మూతపడింది. వాళ్లు భాగ్యక్క పుట్టినూరు మెట్‌పల్లికి వెళ్లిపోయారు. నేను గ్రానైట్ ఆఫీసులో చేరాను.

సార్‌కు బాగాలేదని తెలిసి మెట్‌పల్లి వెళ్లాను. మంచంలో ఇంకా సన్నబడి ఉన్నారు. నా ఉద్యోగం గురించి, కరీంనగర్ ట్రాఫిక్ గురించి అడిగారు. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"స్వరూపా, నువ్వు సూసినవ్ గద. మా అవ్వ నడక మంచిగ వచ్చిందా?"

మళ్లీ కూర్చున్నాను. గుర్తున్నదంతా చెప్పాను. గడప దాటి వస్తుంది సార్. ఎడమ చేతిలో సద్ది గిన్నె. కొంత దూరం వచ్చాక బాయి సైరన్ వినపడితే అడుగు తొందరపడుతుంది. చెప్పులోకి బొగ్గు రవ్వ దూరుతుంది. ఆగి, చెప్పు తీసి దులుపుతుంది.

ఆయన కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపారు. "ముందుగాల గిన్నె నడుముకు ఆనిస్తది. గిన్నె ఉత్త చేత్తోని పట్టుకొని ఎట్ల వంగుతది?"

"అవును సార్. ఆనిచ్చింది. కొంగు గూడ దోపుకుంది."

"ఆఁ," అన్నారు. "వచ్చింది అయితే."

నెల తిరక్కుండానే పోయారు. దినాల నాడు భాగ్యక్క నన్ను లోపలి గదిలోకి పిలిచి, "అత్తమ్మ నడిచింది నువ్వు సూసినవట. నేను సూడకపోతి," అంది. ఆమెకూ చెప్పాను. గిన్నె, సైరన్, బొగ్గు రవ్వ. మెట్‌పల్లి వైపు వెళ్లినప్పుడల్లా అడుగుతుంది, చెబుతూనే ఉన్నాను. ఆ నడక ఇప్పుడు నా కళ్లలో తప్ప ఎక్కడా లేదు. చూస్తున్నంత స్పష్టంగా ఉంది. కానీ నాకు బొమ్మలు గీయడం రాదు.